పురికొస విప్పిన కట్టలు

‘నా చిన్నప్పుడు’ అని నేను మాట మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. ఆ మాట అనడానికి నీకింకా తల నెరవలేదంటారు. నిజమే, కానీ అలసట వయసు అడిగి రాదు. ఈ ఆదివారం మధ్యాహ్నం భవానీపురంలో మా ఇంటి వరండాలో, జవాబు పత్రాల కట్టలు నాలుగు ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఒకసారి దిద్దినవే మళ్ళీ దిద్దాలి. మొదటి కట్టకు చుట్టిన పురికొస ముడి గోటితో లాగుతుంటే, నాలుగో తరగతిలో ఉండగా నేను విప్పిన మరో తొమ్మిది ముళ్ళు గుర్తుకొచ్చాయి.

ఆ ఏడాది మా అమ్మకు దూరపు ఊరికి బదిలీ అయింది. చదువు చెడకుండా నన్ను కూచిపూడికి దగ్గరి పల్లెలో ఉన్న మా మేనత్త ఇంట్లో ఉంచారు. అత్తకు పిల్లలు లేరు. ఇంటి వెనక తాటాకులు కప్పిన పొడవాటి పాక ఉండేది. అందులో ఆమె పుట్టగొడుగులు పెంచేది. పుట్టగొడుగులంటే తొలకరికి పుట్టల పక్కన మొలిచేవే తెలిసిన ఊరు అది. పాకలో, ప్లాస్టిక్ సంచుల్లో, మనిషి చేత్తో మొలిపించడం వాళ్ళకు వింతగానూ కొంచెం వేళాకోళంగానూ ఉండేది. “మీ అత్త గడ్డి ఉడకేసి కూరొండుద్దంట కదే!” అని బళ్ళో నన్ను ఆట పట్టించేవారు.

ఆ మాటలో సగం నిజమే. వరిగడ్డిని బెత్తెడు ముక్కలుగా నరికి, ఒక రాత్రి నానబెట్టి, పెద్ద డ్రమ్ములో ఉడికించి, నీళ్ళు ఓడ్చి ఆరబెట్టేది. గుప్పెట్లోకి తీసుకొని పిండితే చుక్క రాలకూడదు, అయినా అరచేయి తడవాలి. అప్పుడు దాన్ని సంచుల్లో వరసలుగా నింపుతూ, వరసకీ వరసకీ మధ్య పుట్టగొడుగు విత్తనం చల్లేది. విత్తనమంటే ఉడికించిన జొన్నల మీద తెల్లటి బూజు అల్లుకున్నది. సంచిలో వేశాక ఆ తెలుపు గింజను వదిలి గడ్డిలోకి పాకుతుంది. మూడు వారాల్లో సంచి మొత్తం పాలు పోసినట్టవుతుంది. ఆ తర్వాత సంచి కోసి నీళ్ళు చిలకరిస్తుంటే, చిప్పల్లాంటి పుట్టగొడుగులు గుత్తులుగా బయటికి వస్తాయి.

నాకు చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకని అడగడం అలవాటు. అత్త ఏ ప్రశ్నకూ వెంటనే జవాబిచ్చేది కాదు. ముందు ఒక పని చెప్పేది, పని మధ్యలో జవాబిచ్చేది. ఊరంతా గడ్డి దొరుకుతుంటే అరెకరం పొలాన్ని ప్రత్యేకంగా ఎందుకు పండిస్తున్నావని అడిగితే, నా చేతికి ఒక కట్ట ఇచ్చి మోయమంది. నడుస్తూ చెప్పింది. వరికి పొడ తెగులు తెచ్చేది ఒక బూజు. పుట్టగొడుగూ ఆ బూజు కులానిదే. ఒకదాన్ని చంపడానికి కొట్టిన మందుకు రెండోదాని మీద జాలి ఉండదు. అంతకు రెండేళ్ళ ముందు కొన్న గడ్డితో వేసిన సంచులన్నీ చచ్చుబడ్డాయట. అప్పటినుంచి తన గడ్డి తానే పండించుకుంటోంది, మందు కొట్టకుండా, మనుషుల చేత కోయించి, బల్లకేసి కొట్టించి. జొన్నల సంగతీ అంతే. కొట్లో కొన్న జొన్నకు పురుగు పట్టకుండా ఏ పొడి కలిపారో ఎవరు చెబుతారు? విత్తనం తానే చేసుకోవాలని, అంతకుముందు ఏడు వరికోత అయ్యాక, నేలలో తడి పదును ఆరకముందే అదే చేలో జొన్న పెట్టింది.

అయితే ఆమె చేను ఒంటరిది కాదు. పక్క చేను బాబాయి మందు కొట్టేవాడు, కొట్టకపోతే ఆయనకు గడవదు. గాలి ఇటు వీచినప్పుడు ఆ తుంపర గట్టు దాటేది. అత్త ఒకసారి అడిగితే ఆయన తల గోక్కుంటూ, “ఏం చేయమంటావు వదినా, గాలికి గట్టు కనపడదు గదా!” అన్నాడు. పోట్లాడి లాభం లేదని అత్త ఒక పద్ధతి పెట్టుకుంది. ఆ గట్టు పక్క నాలుగు బారల వెడల్పున పండిన గడ్డిని విడిగా కోయించి, పురికొసతో కట్టించేది. లోపలి గడ్డిని గడ్డితోనే మెలిపెట్టి కట్టించేది. పురికొస కట్టలు గొడ్ల సావిడి కప్పుకు, గడ్డి ముడి కట్టలు పుట్టగొడుగులకు. కట్టలను ఆమె ఏనాడూ లెక్కపెట్టలేదు. ముడే ఆమె లెక్క.

ఆ ఏడాది ఇంకో విశేషం ఉంది. అంతవరకూ పుట్టగొడుగు విత్తనం విజయవాడ నుంచి కొని తెచ్చుకొనేది. బస్సు ఆలస్యమైతే ఎండకు కమిలిపోయేది. ఆ ఏడు మొదటిసారి తన చేలో పండిన జొన్నలతో తానే తయారుచేసింది. జొన్నలు సగం ఉడికించి, ఆరబెట్టి, సుద్దపొడి కలిపి, గాజు సీసాల్లో నింపి, దూదితో మూతి బిగించి, కుక్కర్లో ఉడికించి, చల్లారాక పాత విత్తనం చిటికెడు వేసేది. వంటింటి తలుపులు మూసి, నన్ను ఊపిరి కూడా గట్టిగా పీల్చవద్దనేది. ఇరవై రోజులకు సీసాలన్నీ తెల్లబడ్డాయి. చర్చిలో ఆమెతోపాటు పాడే ముగ్గురు ఆడవాళ్ళు, అత్త విత్తనం ఇస్తే తామూ తలో పది సంచులు వేసుకుంటామని అన్నారు. ఆమె ఇస్తానంది. మా అత్త మాట ఇవ్వడం చాలా అరుదు. ఇచ్చాక రెండు రోజులు అదే పనిగా సీసాలు తుడుస్తూ కూర్చోవడం నాకు గుర్తుంది.

వరికోత అయింది. కట్టలు రెండు కుప్పలుగా పెరట్లో పడ్డాయి. అదే వారంలో మా తరగతిలో ఒక పిల్ల కొత్త స్కిప్పింగ్ తాడు తెచ్చి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నాకూ తాడు కావాలనిపించింది. అడిగితే అత్త కొనిచ్చేదే. కానీ అడగడం నాకు చిన్నతనంగా తోచింది. సావిడి పక్క కుప్పలో నుంచి తొమ్మిది కట్టలకు పురికొసలు విప్పి, మూడు పేటలుగా అల్లుకున్నాను. విప్పిన కట్టలు చెదిరిపోకుండా, అత్త దగ్గర నేర్చుకున్నట్టే గడ్డి మెలిపెట్టి కట్టాను. ముళ్ళు అచ్చం పెద్దవాళ్ళు వేసినట్టే ఉన్నాయని మురిసిపోయాను కూడా.

మర్నాడు తుపాను హెచ్చరిక వచ్చింది. మబ్బు కమ్ముతుంటే మా మామయ్య ఆదరాబాదరాగా కట్టలన్నీ చేరవేయడం మొదలుపెట్టాడు. పురికొస ఉన్నవి సావిడిలోకి, గడ్డి ముడి ఉన్నవి పుట్టగొడుగుల పాకలోకి. నేను కట్టిన తొమ్మిదీ పాకలోకే వెళ్ళాయి. ఆయన పొరపాటు ఏమీ లేదు, గుర్తు చూసి సరిగ్గానే సర్దాడు. నేను అరుగు మీద నిలబడి చూస్తున్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే తాడు పోతుంది. ‘తర్వాత చెబుదాం’ అనుకున్నాను. ఈ ‘తర్వాత’ అనే మాట నా జీవితంలో మొదటిసారి నాకు సాయం చేసింది అప్పుడే. అలాంటి సాయం మళ్ళీ తీసుకోకూడదని తెలియడానికి రెండు వారాలు పట్టింది.

వాన వెలిశాక అత్త పది కట్టలు నరికి, ఒకే డ్రమ్ములో నానబెట్టి, సంచులు నింపింది. రోజూ పొద్దున్నే లాంతరు పట్టుకొని పాకలోకి వెళ్ళేది, నేను వెనకాలే వెళ్ళేదాన్ని. వారానికి గింజల చుట్టూ తెలుపు లేచింది. ఆ తర్వాత కదలలేదు. పదో రోజు, పన్నెండో రోజు కూడా గింజ చుట్టూ చిన్న తెల్లటి గూడు, దాని చుట్టూ ఎలా ఉన్నది అలాగే మిగిలిపోయిన పసుపు గడ్డి. కొన్ని సంచుల్లో మూలల నుంచి పచ్చ బూజు మొదలైంది. అత్త సంచి మీద అరచేయి ఆనించి, జ్వరం చూసినట్టు చూసి వచ్చేసేది. అన్నం దగ్గర మాత్రం కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చునేది.

ఆ రోజు సాయంత్రం మామయ్యతో ఆమె అన్న మాటలు నేను గుమ్మం పక్కన కూర్చొని విన్నాను. “గడ్డి ఎప్పటిదే. నీళ్ళు ఎప్పటివే. పాక ఎప్పటిదే. మారింది నా విత్తనం ఒక్కటే. నా జొన్నలోనే ఏదో ఉంది,” అంది. కాలేజీలో వాదోపవాదాలు నేర్చుకున్నాక ఆ నాలుగు వాక్యాలను నేను ఎన్నోసార్లు తలచుకున్నాను. తర్కంలో ఎక్కడా లోపం లేదు. లోపం నా పుస్తకాల సంచిలో ఉంది, మూడు పేటలుగా అల్లి.

మామయ్య మెల్లగా, “అయితే జొన్న మానేద్దామా మరి? తుపాను పుణ్యమా అని పదును ఇంకా ఉంది, రెండు మూడు రోజుల్లో ఆరిపోద్ది,” అన్నాడు. అత్త, “రేపు పక్క చేను మరిదికి చెప్పేస్తాను. మొక్కజొన్నో ఏదో ఆయనే వేసుకుంటాడు. ఒకసారి ఆయన చేతిలోకి వెళ్తే మందు పడకుండా ఉండదు, ఇక ఆ చేను గడ్డి మనకు పనికిరాదు. ఈ పుట్టగొడుగులు నాకు రాసిపెట్టి లేవు, అంతే,” అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. చాలా దూరం నడిచి, వచ్చింది వేరే ఊరని తెలిసిన మనిషి గొంతు అది. ఇప్పుడు ఆ గొంతు నాకు బాగా అర్థమవుతుంది.

లేచి వెళ్ళి, మిగిలిన తొమ్మిది సీసాలూ పెరట్లోకి తెచ్చింది. మొదటి సీసా పెంటదిబ్బ మీద బోర్లించి, అడుగున తట్టింది. తెల్లటి జొన్నల ముద్ద జారిపడింది. కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి. రెండోది. మూడోది. అప్పుడు నా కాళ్ళు కదిలాయి. లోపలికెళ్ళి తాడు తెచ్చి ఆమె ముందు పడేశాను. ఏం చెప్పానో పూర్తిగా గుర్తులేదు, ఏడుపు మధ్యలో ‘పురికొస’ అనే మాట ఒక్కటే స్పష్టంగా వచ్చిందని మామయ్య తర్వాత చెప్పేవాడు.

అత్త నాలుగో సీసా పక్కన పెట్టింది. తాడు చేతిలోకి తీసుకొని, పేటలు వేళ్ళతో విడదీసి చూసింది.

“ఎన్ని కట్టలు?”

“తొమ్మిది.”

“ఏవి?”

“తెలీదు అత్తా... అన్నీ ఒకేలా ఉన్నాయి.”

“బానే కట్టావన్నమాట,” అంది. నన్ను కొడుతుందేమోనని ఎదురుచూశాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె చెంగుతో నా ముక్కు తుడిచి, “సరే. వెళ్ళి ఆ తొమ్మిదీ పట్టుకురా,” అంది.

నాకు కోపం వచ్చింది. ఆదివారం బడిలో ప్రతివారం నేర్పింది, తప్పు ఒప్పుకుంటే భారం దిగిపోతుందని. నేను ఒప్పుకున్నాను, ఏడ్చాను కూడా. ఇంకేం కావాలి? “చెప్పేశాను కదత్తా!” అని అరిచాను.

“నాకు చెప్పావు అమ్మడూ. నేను విన్నాను. గడ్డికి వినపడలేదు,” అంది.

మర్నాడు బడి నుంచి రాగానే పని మొదలైంది. పాకలో నలభై ఒక్క కట్టలు మిగిలాయి. ప్రతి కట్టకూ ఒక అట్టముక్క, దాని మీద నా చేతిరాతతో ఒక అంకె. ప్రతి కట్ట నుంచీ ఒక గుప్పెడు గడ్డి తీసి, నరికి, విడివిడిగా నానబెట్టి, విడివిడిగా ఉడికించి, ఒక్కో డబ్బాలో నింపి చిటికెడు విత్తనం వేయాలి. ఒకే నీళ్ళలో వేస్తే చెడ్డదాని మందు మంచిదానికి అంటుతుందని అత్త ఒప్పుకోలేదు. ఊళ్ళో ఎవరింట్లో ఖాళీ డబ్బా ఉన్నా అడిగి తెచ్చాను. హార్లిక్స్ సీసాలు, పచ్చడి జాడీలు, పాల ప్యాకెట్లు కడిగి కోసినవి. రోజుకు ఏడెనిమిది కట్టలకు మించి అయ్యేవి కాదు. గడ్డి దురదకు మోచేతుల దాకా ఎర్రగా కందిపోయింది. అత్త పక్కనే కూర్చొని చెప్పేది, పొయ్యి మీది వేడినీళ్ళు తానే వంచేది. నరకడం, అంకె రాయడం, సర్దడం మాత్రం నాకే వదిలేసింది. ఒక సాయంత్రం ఇరవై ఆరో నంబరు డబ్బా ఏదో, ఇరవై తొమ్మిది ఏదో కలిసిపోయి, అట్టముక్కలు తారుమారయ్యాయి. ఏదో ఒకటి పెట్టేద్దామని నా చెయ్యి వెళ్ళింది. అత్త అటు తిరిగి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకొని రెండూ పారబోసి మళ్ళీ చేశాను. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

ఈ పరీక్ష తేలడానికి పది రోజులైనా పడుతుంది. పదును రెండు మూడు రోజులే ఆగుతుంది. తప్పు గడ్డిదేనని, విత్తనం మంచిదేనని అప్పటికి రుజువేమీ లేదు, ఒక తొమ్మిదేళ్ళ పిల్ల మాట తప్ప. మూడో రోజు పొద్దున్న అత్త జొన్నలు బుట్టకెత్తుకొని చేనికి బయలుదేరింది. మామయ్య నవ్వుతూనే దెప్పాడు. “పిల్ల తాడు చూపిస్తే చేను విత్తుతున్నావా?” అత్త చెప్పులేసుకుంటూ, “మీరు పెళ్ళిచూపుల్లో మాట ఒక్కటే చూపించారు. నేను కాపురానికి రాలా?” అంది. ఆయన నాగలి ఎత్తుకున్నాడు. నేను వెనకాల నాగేటి చాలు వెంట నడుస్తూ గింజలు వేశాను. అంత భయంగా నేను మరే పనీ చేయలేదు. నా మాట అబద్ధమైతే, లేక నిజమే అయినా తప్పు ఇంకెక్కడో ఉంటే, ఈ గింజలన్నీ నా మీదే మొలుస్తాయని అనిపించింది.

ఆఖరి డబ్బా నింపిన పదకొండో రోజుకు డబ్బాలు మాట్లాడాయి. ముప్పై ఐదింట్లో తెలుపు గడ్డిలోకి పాకి డబ్బా అంచు దాటింది. ఐదింట్లో గింజ చుట్టూనే ఆగింది. ఒకటి అటూ ఇటూ కాకుండా సగంలో నిలబడింది. అత్త విత్తనంలో తప్పు లేదు, ఆమె జొన్నలోనూ తప్పు లేదు. తొమ్మిదిలో మిగిలిన మూడో నాలుగో ముందే నరికిన పది కట్టల్లో కలిసి, ఒకే నీళ్ళలో నాని, మొత్తాన్నీ చెడగొట్టి ఉంటాయి. లెక్క కచ్చితంగా తేలిందని చెప్పలేను. ఆ ఆరో కట్ట సంగతి నాకు ఈనాటికీ తెలియదు. “అనుమానం ఉన్నది కప్పుకే,” అని అత్త దాన్ని పక్కకు తీయించింది. నా తాడు విప్పించి, ఆ ఆరు కట్టలకూ మళ్ళీ నా చేతే పురికొస కట్టించింది. మూడు పురికొసలు మిగిలితే, ఆమె వాటిని గోడకు కొట్టిన మేకుకు తగిలించింది. నాకు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

అన్నీ సర్దుకున్నాయనుకోకండి. జనవరి చివరికి గానీ పుట్టగొడుగులు కోతకు రాలేదు. కోళ్ళ పాలైన మూడు సీసాలు ముగ్గురు ఆడవాళ్ళలో ఒకామెకు ఇవ్వవలసినవి. ఆమె ఎదురుచూసి, విసిగి, విజయవాడ నుంచి తెప్పించుకుంది. తర్వాత ఎన్ని ఏళ్ళయినా అత్త దగ్గర తీసుకోలేదు. ఆదివారం ఆమె ఎదురైనప్పుడల్లా అత్త పలకరించేది, కారణం మాత్రం చెప్పేది కాదు. నన్ను ఒక్కసారీ ముందుకు నెట్టి ‘ఇదిగో దీని వల్లే’ అనలేదు. ఆ మౌనం నాకు జొన్నకంకులు కోతకు వచ్చినప్పటి సంతోషం కంటే ఎక్కువ గుర్తుంది.

పెద్దయ్యాక కాలేజీలో వాదనా పోటీలకు వెళ్ళాను. అక్కడ ఒక కిటుకు నేర్పుతారు. చిన్న తప్పు ముందే ఒప్పుకుంటే, పెద్ద వాదన గెలవడం తేలికవుతుంది. నేను దాన్ని బాగా వాడాను, బహుమతులూ వచ్చాయి. చప్పట్లు కొడుతున్నప్పుడు ఒక్కోసారి పాకలోని గడ్డివాసన వచ్చేది.

ఇప్పుడు పటమటలో ఒక కాలేజీలో పాఠం చెబుతున్నాను. క్రితం వారం నాలుగు కట్టల జవాబు పత్రాలలో ఒక ప్రశ్నకు నేను తప్పు జవాబును ఒప్పుగా పెట్టుకొని దిద్దానని తెలిసింది. సిబ్బంది సమావేశంలో లేచి చెప్పాను. పెద్దాయన ఒకరు, “పెద్ద మనసుతో ఒప్పుకున్నారు మేడమ్. రెండు మార్కుల సంగతేగా, వదిలేయండి,” అన్నారు. మిగిలినవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అందరూ అలసిపోయారు. నేనూ అలసిపోయాను. ప్రశ్నలు అడిగి, జవాబుగా క్షమాపణలు విని, ఆ క్షమాపణల తర్వాత ఎవరూ కట్టల దగ్గరికి వెళ్ళకపోవడం చూసి అలసిపోయాను. కొన్నిసార్లు ఆ వెళ్ళనివాళ్ళలో నేనూ ఉన్నాను.

అందుకే ఈ నాలుగు కట్టలూ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు మొదటి ముడి ఊడింది. పత్రాల దొంతర చూస్తే నీరసం వస్తోంది. చెప్పేశాను కదా అని లోపల ఒక తొమ్మిదేళ్ళ పిల్ల ఇంకా అరుస్తూనే ఉంది. దానికి నేను కోపంగా జవాబివ్వను. అత్త లాగే ముక్కు తుడిచి, ‘ఇవి రాసినవాళ్ళకింకా వినపడలేదమ్మడూ’ అని చెప్పి, పై పత్రం తీసుకుంటాను.